‘సిన్స్ టూ ఇయర్స్’ ఎక్కడ పుట్టింది? మన ఇంగ్లిష్ తప్పుల వెనకున్న తెలుగు వాక్యాలు

ఫోనులో ఇంగ్లిష్ వాక్యం టైపు చేస్తే కింద గీత పడుతుంది. దాని మీద వేలు పెడితే సరైన రూపం వచ్చి కూర్చుంటుంది. పని అయిపోయింది. ఎందుకు తప్పో మాత్రం తెలియలేదు కాబట్టి మర్నాడు అదే తప్పు, అదే గీత. ఏఐ చాట్‌బాట్లు వచ్చాక ఇంకో అడుగు ముందుకెళ్ళాం. ఉత్తరం మొత్తాన్ని అవే తిరగరాసి ఇస్తున్నాయి. అందులో ఏ మాట తప్పని మార్చిందో, ఏది తన ధోరణికి నచ్చక మార్చిందో విడదీసి చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

తెలుగువాళ్ళు ఇంగ్లిష్‌లో చేసే తప్పులను ఒకచోట పోగేస్తే, వాటిలో చాలావాటి వెనక ఒక నికార్సైన తెలుగు వాక్యం కనబడుతుంది. దాన్ని పట్టుకుంటే తప్పు ఎలా వచ్చిందో తెలుస్తుంది. కొన్నిచోట్ల దిద్దుబాటు కూడా ఆ తెలుగు వాక్యంలోనే దొరుకుతుంది. బళ్ళో ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు ఊసెత్తడమే నేరమన్నట్టు నడిచింది మన చదువు.

పొరపాటు ఏది, తప్పు ఏది

పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ఒక తేడా చూపించాడు. నియమం తెలిసి కూడా తొందరలో జారిపోయేది పొరపాటు. రాసినవాళ్ళనే ‘ఇంకోసారి చదువు’ అంటే వాళ్ళే సరిచేసుకుంటారు. పదిసార్లు చదివినా సరిగ్గానే ఉందనిపించేది తప్పు. రెండోదాని వెనక నేర్చుకునేవాడు తనలో తాను కట్టుకున్న ఒక నియమం ఉంటుంది. ఆ నియమాల మొత్తానికి, అంటే మాతృభాషకీ నేర్చుకునే భాషకీ నడుమ ఉండే ఆ మధ్య భాషకి, మరో భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్ 1972లో ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టాడు.

ఆ నియమాలు మూడు దారుల్లో వస్తాయి. కొన్ని తెలుగు నుంచి నేరుగా దిగుతాయి. కొన్ని ఇంగ్లిష్ నియమాన్నే అవసరానికి మించి లాగడం వల్ల వస్తాయి. ఇక కొన్ని తప్పులే కావు, మన దేశంలో స్థిరపడిపోయిన వాడుకలు. ఈ మూడింటినీ ఒకే ఎర్రసిరాతో కొట్టేయడంతోనే గందరగోళం మొదలవుతుంది.

ఒక్క ‘నుంచి’ చేసే మూడు పనులు

‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్.’ తెలుగువాళ్ళ ఇంగ్లిష్‌లో ఇంతకంటే పాతుకుపోయిన వాక్యం ఉండదేమో. దీని వెనక ఉన్నది ‘రెండేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను’. తెలుగులో ఏ వంకా లేని వాక్యం.

మన ‘నుంచి’ మూడు పనులు చేస్తుంది. ‘గుంటూరు నుంచి వచ్చాను’లో చోటు చెబుతుంది. అక్కడ ఇంగ్లిష్‌కి ‘ఫ్రమ్’ కావాలి. ‘2022 నుంచి’ అన్నప్పుడు మొదలైన సమయం చెబుతుంది. దానికి ‘సిన్స్’. ‘రెండేళ్ళ నుంచి’ అన్నప్పుడు గడిచిన కాలం ఎంతో చెబుతుంది. దానికి ‘ఫర్’. సిన్స్‌ని ‘నుంచి’కి అర్థంగా బట్టీపట్టినవాళ్ళు మూడోచోట కూడా అదే వేస్తారు.

ఈ తేడా పట్టడానికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడాలి. ‘రెండేళ్ళుగా ఉంటున్నాను’, ‘మూడు రోజులుగా జ్వరం’, ‘చాలాకాలంగా తెలుసు’ ఇవన్నీ కుదురుతాయి. కుదిరితే అది కాలపరిమాణం, ఇంగ్లిష్‌లో ఫర్. ‘సోమవారంగా జ్వరం’, ‘చిన్నప్పుడుగా తెలుసు’, ‘2022గా ఉంటున్నాను’ ఎవరూ అనరు. అనలేనిచోట సిన్స్.

ఇందులో ఒక చిక్కు ఉంది. ‘బస్టాండులో అయిదు గంటల నుంచి కూచున్నాను’ అన్న వాక్యం చూడండి. అయిదింటికి వచ్చి కూచున్నాడా, అయిదు గంటల సేపు కూచున్నాడా? తెలుగులోనే తేలదు. ‘అయిదు గంటలుగా’ అంటే రెండో అర్థం ఒక్కటే మిగులుతుంది. ఈ మనిషి ‘సిన్స్ ఫైవ్ అవర్స్’ అని రాశాడనుకుందాం. దిద్దే యంత్రం చూసేది కాగితం మీదున్న మాటలనే కాబట్టి ‘ఫర్ ఫైవ్ అవర్స్’ అని మార్చే అవకాశమే ఎక్కువ. అతను చెప్పాలనుకున్నది అయిదింటి నుంచి అనైతే, వ్యాకరణం సరైంది, సమాచారం తప్పయింది.

సిన్స్‌ని ఫర్ చేసేస్తే పని పూర్తికాదు. క్రియ సంగతి కూడా చూడాలి. ‘ఉంటున్నాను’లోని ‘తున్నా’ని (ఇక్కడ ‘టున్నా’ అయింది) చూసి ‘యామ్ లివింగ్’ అంటాం. తెలుగులో ‘ఇప్పుడు తింటున్నాను’కీ ‘రెండేళ్ళుగా ఉంటున్నాను’కీ ఒకటే తున్నా సరిపోతుంది. ఇంగ్లిష్ మాత్రం వెనకనుంచి ఇప్పటిదాకా సాగివచ్చిన పనికి ‘హ్యావ్ బీన్ లివింగ్’ అని వేరే రూపం అడుగుతుంది. సగమే దిద్ది ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అని వదిలేస్తే, వినేవాడికి ‘రెండేళ్ళ పాటు ఉందామని వచ్చాను’ అన్నట్టు తోచవచ్చు. ‘ఐ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే ఇప్పుడు ఉండటం లేదనే. చెప్పదలచుకున్నది ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’.

‘డిడ్ నాట్ వెంట్’కి తెలుగు బాధ్యురాలు కాదు

‘హి డిడ్ నాట్ వెంట్’ అని రాసిన పిల్లవాణ్ణి తెలుగు మీడియం అని వెక్కిరిస్తుంటారు. ఈ తప్పులో తెలుగు ప్రమేయం లేదు. ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగే చిన్నపిల్లలు కూడా కొన్నాళ్ళు ఇలాగే భూతకాలాన్ని రెండుచోట్ల వేస్తారు. జరిగిపోయిన పని కాబట్టి క్రియకి భూతకాలం ఉండాలి అన్న నియమాన్ని గట్టిగా పట్టుకున్నందువల్ల వచ్చే తప్పు ఇది.

తెలుగు ఇక్కడ ఏం చేస్తుందో చూడండి. ‘వెళ్ళాడు’కి వ్యతిరేకం ‘వెళ్ళాడులేదు’ అనం. ‘వెళ్ళలేదు’ అంటాం. భూతకాలపు గుర్తు ఊడిపోయి ఉత్త ‘వెళ్ళ’ మిగిలింది, దాని పక్కన ‘లేదు’ వచ్చి చేరింది. డిడ్ నాట్ పక్కన ఉత్త ‘గో’ నిలబడటమూ ఇదే. పోలిక అక్కడితో ఆగదు. నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. మనిషి ఎవరైనా ‘లేదు’ మారదు. ఐ డిడ్ నాట్ గో, హి డిడ్ నాట్ గో, దే డిడ్ నాట్ గో. అక్కడా మారదు.

‘డజ్ నాట్ గోస్’ కూడా ఇదే కుటుంబం. ‘ఎస్’ని ‘డజ్’ మోసేసింది కాబట్టి క్రియకి మళ్ళీ అక్కర్లేదు.

ప్రశ్న లోపల ప్రశ్న, దానికో ‘ఓ’

‘వై యు ఆర్ లేట్?’ అన్నది మొదటి దశ తప్పు. ‘ఎందుకు’ చేర్చినంత మాత్రాన తెలుగు వాక్యంలో మిగతా మాటలు చోటు మారవు కాబట్టి ఇంగ్లిష్‌లోనూ మార్చం. సహాయక క్రియ కర్త ముందుకి రావాలి, ‘వై ఆర్ యు లేట్?’ అనాలి అని టీచరు నేర్పుతారు. అది ఒంటబట్టాక రెండో దశ తప్పు మొదలవుతుంది. ‘ఐ డోంట్ నో వై ఆర్ యు లేట్’, ‘డు యు నో వేర్ ఈజ్ హి?’ ఇవి నేర్చుకున్న నియమాన్ని మరీ దూరం లాగడం వల్ల వచ్చేవి. మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ మెయిళ్ళలో కూడా కనిపిస్తాయి.

తెలుగులో అడిగే ప్రశ్నకీ, ఇంకో వాక్యంలో ఇమిడిపోయిన ప్రశ్నకీ తేడా చివరి అచ్చులో ఉంది. ‘ఆయన ఎక్కడున్నారు?’ అంటే అడుగుతున్నట్టు. ‘ఆయన ఎక్కడున్నారో తెలుసా?’ అన్నప్పుడు ‘ఓ’ వచ్చింది. ఆ ‘ఓ’ వచ్చిందంటే లోపలి ముక్క ప్రశ్నగా ఉండటం మానేసిందని. ఇంగ్లిష్ అదే పనిని మాటల వరస మార్చి చేస్తుంది. కాబట్టి తెలుగు వాక్యంలో ‘ఓ’ ఉన్నచోట ఇంగ్లిష్‌లో మామూలు వరసే ఉండాలి: ‘డు యు నో వేర్ హి ఈజ్?’ ‘వస్తాడో రాడో తెలియదు’ అన్నచోట రెండు ఓలు కలిసి ‘వెదర్’ అవుతాయి.

ఈ ‘ఓ’ ఇంకోచోట కూడా పనికొస్తుంది. ‘ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్’ తప్పంటారు. మరి ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ ఎలా ఒప్పయింది? తెలుగులో చూస్తే మొదటిది ‘వాడొస్తే చెప్తాను’. ‘వస్తే’లో కాలమూ లేదు, మనిషి గుర్తూ లేదు, భవిష్యత్తు అంతా ‘చెప్తాను’లోనే ఉంది. ‘వాడు రాగానే’, ‘వాడు వచ్చినప్పుడు’ అన్నా అంతే, అక్కడ విల్ రాదు. రెండోది ‘ఎప్పుడొస్తాడో తెలియదు’. ‘వస్తాడు’ అని పూర్తి క్రియ ఉంది, ఓ ఉంది, కాబట్టి విల్ ఉంటుంది.

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు

ఆర్టికల్స్ దగ్గర తెలుగువాళ్ళంతా తడబడతారు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి అని కారణం చెప్పేస్తారు. లేనిది ఆర్టికల్సే, అవి చేసే పని కాదు. ఏడు చేపల కథ ఎలా మొదలవుతుంది? ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ వినేవాడికి ఇంకా పరిచయం కాని రాజుకి ‘ఒక’, పరిచయమయ్యాక ‘ఆ’. ‘ఎ కింగ్’, తరవాత ‘ది కింగ్’. ‘ని’ కూడా కొంత ఈ పని చేస్తుంది. ‘పుస్తకం కొన్నాను’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘పుస్తకాన్ని కొన్నాను’ అంటే మనమిద్దరం అనుకున్న ఫలానా పుస్తకం అని వినబడుతుంది.

కథలో నడిచిన ఈ లెక్క మామూలు మాటల్లో మూడుచోట్ల ఆగిపోతుంది. మొదటిది, ‘ఆయన డాక్టరు’. తెలుగుకి ఇక్కడ క్రియా అక్కర్లేదు, ఒకా అక్కర్లేదు. ఇంగ్లిష్‌కి రెండూ కావాలి: ‘హి ఈజ్ ఎ డాక్టర్’. రెండోది, చెప్పకుండానే తెలిసిపోయేవి. ‘సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాను. ఇంజిన్ పోయింది.’ ఏ ఇంజిన్ అని ఎవరూ అడగరు కాబట్టి తెలుగులో ‘ఆ’ పెట్టం. ఇంగ్లిష్ మాత్రం, ఏదో తెలిసిపోయింది కాబట్టే ‘ది ఇంజిన్’ అంటుంది. సూర్యుడు, ఆకాశం కూడా ఇంతే. మూడోది దీనికి తిరగేసింది. ‘ది లైఫ్ ఈజ్ హార్డ్’ అని అక్కర్లేనిచోట ది తగిలించడం. లోకంలో జీవితం అనేదాన్ని గురించి అంటున్నప్పుడు ఉత్త ‘లైఫ్’ చాలు. మా నాన్న జీవితం, ఖైదీ జీవితం అని ఒకరికి కట్టినప్పుడే ‘ది లైఫ్ ఆఫ్ ఎ ప్రిజనర్’.

‘ఎ’నా ‘ఎన్’నా అన్నది వీటన్నిటికంటే తేలిక. అందులోనూ తెలుగు లిపి తెలిసినవాళ్ళకి మరీ తేలిక. బళ్ళో ఇంగ్లిష్ అక్షరాలు చూసి తేల్చమంటారు, కానీ చెవిన పడే ధ్వనే లెక్క. మాటని తెలుగులో రాసి చూడండి. మొదటి అక్షరం అచ్చయితే ఎన్, హల్లయితే ఎ. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే, ఎంబీఏ: అన్నీ అచ్చులే, అన్నిటికీ ఎన్. యూనివర్సిటీ, యూరోపియన్, వన్‌వే: హల్లులు, అన్నిటికీ ఎ. ఒక్క జాగ్రత్త. మనం ‘ఎమ్మెల్యే’ని ‘యెమ్మెల్యే’ అని, ‘ఒక’ని ‘వొక’ అని పలికే అలవాటున్నవాళ్ళం. ఆ అలవాటుతో విన్నవాడు ‘ఎ ఎమ్మెల్యే’ అని రాస్తాడు. పలుకుబడిలో వచ్చే ఈ యకార వకారాలని లెక్కలోకి తీసుకోకూడదు.

‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు

నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు ఇద్దరు అన్నలున్నారు. ఈ వాక్యాల్లో ‘నేను’ లేదు. చేసే పని కూడా లేదు, ఒక స్థితి ఉంది. వీటికి సమానమైన నో, వాంట్, లైక్, రిమెంబర్, హ్యావ్ అనే ఇంగ్లిష్ క్రియలు మామూలుగా ‘ఇంగ్’ పట్టవు. అందుకే ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ చెవికి ఇబ్బందిగా ఉంటాయి. తెలుగులోనూ వీటిలో ‘తున్నా’ లేదన్నది గమనించాలి. ఇది తెలుగు నుంచి దిగిన తప్పు అనలేం. ఇంగ్ అంటే వర్తమానం అన్న లెక్క పెట్టుకుని ఎక్కడబడితే అక్కడ వాడటం. నూటికి నూరు పాళ్ళూ నిలిచే సూత్రమేమీ కాదిది: ‘నాకు జ్వరం వస్తోంది’ని ‘ఐ యామ్ గెటింగ్ ఎ ఫీవర్’ అనొచ్చు. హ్యావ్ కూడా తినడం అన్న అర్థంలో శుభ్రంగా ఇంగ్ తీసుకుంటుంది, ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’.

చిన్నవి కొన్ని

‘డిస్కస్ అబౌట్’లో ఉన్నది మన ‘గురించి చర్చించడం’. ఇంగ్లిష్ డిస్కస్‌లో గురించి అప్పటికే ఉంది. ‘మ్యారీడ్ విత్’లో ‘తో పెళ్ళి’, ‘యాంగ్రీ ఆన్ మి’లో ‘నా మీద కోపం’. వీటికి సూత్రాలు వెతకడం దండగ. ‘మ్యారీడ్ టు’, ‘యాంగ్రీ విత్ మి’ అని జంటలుగానే గుర్తుంచుకోవడం సులువు. ‘మిల్క్ ఆర్ స్పాయిల్డ్’ అనడం పాలు, నీళ్ళు తెలుగులో బహువచనాలైనందుకు. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’లో తప్పూ ఒప్పూ రెండూ తెలుగులోనే ఉన్నాయి: ‘మా ఫ్రెండ్ ఒకడు’ అన్న వాక్యం మనసులో ఉంటే ఎస్ పోతుంది, ‘మా ఫ్రెండ్స్‌లో ఒకడు’ అనుకుంటే ఎస్ వచ్చేస్తుంది.

తప్పా, మన వాడుకా

‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అన్నప్పుడు ఆ ఓన్లీ, ‘ఇక్కడే’లోని ఏకారం. ‘యు ఆర్ కమింగ్, ఈజింట్ ఇట్?’లో ఉన్నది మన ‘కదా’. తోడల్లుణ్ణి ‘కో-బ్రదర్’ అంటాం. ఆ చుట్టరికానికి ఇంగ్లిష్‌లో విడిగా ఒక మాట లేదు మరి. మీటింగ్‌ని ముందుకి జరిపితే ‘ప్రీపోన్’. ఈ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులకి కూడా ఎక్కింది.

వీటిని ఏమనాలన్నది పెద్ద వివాదమే. బ్రిటిష్ వ్యాకరణవేత్త రాండాల్ఫ్ క్వర్క్, కశ్మీర్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త బ్రజ్ కచ్రూ 1990, 91 సంవత్సరాల్లో దీని మీద వాదించుకున్నారు. క్వర్క్ మాట ఏమిటంటే, పిల్లలకి అందరూ ఒప్పుకునే ప్రామాణిక ఇంగ్లిషే నేర్పాలి. అరకొరగా వచ్చినదాన్ని స్థానిక వాడుక అని పేరు పెట్టి వదిలేస్తే నష్టపోయేది ఆ పిల్లలే. కచ్రూ మాట ఏమిటంటే, భారతదేశం లాంటి చోట్ల ఇంగ్లిష్ తరతరాలుగా ఇక్కడి పనులకి, ఇక్కడి మనుషుల మధ్య వాడుకలో ఉంది. దానికి తన పద్ధతులు ఏర్పడ్డాయి. ఎక్కడో ఉన్న మాతృభాషీయుణ్ణి కొలబద్దగా పెట్టి వాటన్నిటినీ లోపాలనడం సరికాదు.

రెండింటిలోనూ బలముంది. ఒక మాట తప్పా వాడుకా అని తేల్చడానికి పనికొచ్చే కొలత ఒకటి ఉంది: బాగా చదువుకున్న భారతీయులు జంకు లేకుండా రాతలో వాడుతున్నారా? ప్రీపోన్, కో-బ్రదర్ వాడుతున్నారు. ‘డిడ్ నాట్ వెంట్’ వాడటం లేదు. ‘సిన్స్ టూ ఇయర్స్’ ఈ రెండిటికీ మధ్యలో ఉంది: మాటల్లో విరివిగా వినబడుతుంది, అచ్చులో దిద్దేస్తారు. చదివేది ఎవరన్నది కూడా చూసుకోవాలి. కో-బ్రదర్ అంటే హైదరాబాదు ఆఫీసులో అందరికీ తెలుస్తుంది; డాలస్‌లో హెచ్‌ఆర్ వాళ్ళకి తెలియదు.

ఎంత దిద్దాలి?

దిద్దడం వల్ల లాభమెంత అన్నది కూడా తేలని సంగతే. రెండో భాష నేర్చుకోవడం మీద పరిశోధించే జాన్ ట్రస్కాట్ 1996లో, విద్యార్థుల రాతల్లో వ్యాకరణం దిద్దడం పనికిరాదు, పైగా హాని, మానేయమన్నాడు. దిద్దుతారన్న భయంతో పిల్లలు తేలిక వాక్యాలకే పరిమితమవుతారని అతని కారణాల్లో ఒకటి. అదే రంగంలోని డేనా ఫెరిస్ 1999లో జవాబిస్తూ, కొన్నిటినే ఎంచుకుని, స్పష్టంగా, క్రమం తప్పకుండా దిద్దితే ఉపయోగం ఉంటుందని, అన్నిటినీ ఒకే గాట కట్టొద్దని అంది. అంతకు ముందే, 1979 నుంచి 1984 వరకు, ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల బళ్ళలో వ్యాకరణాన్ని పాఠంగా చెప్పకుండా, పిల్లలకి పనులిచ్చి వాటి ద్వారా ఇంగ్లిష్ నేర్పే ప్రయోగం నడిపాడు.

పరీక్షల లెక్క వేరు. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో నాలుగు కొలతలకీ సమాన విలువ. వాటిలో ఒకటే వ్యాకరణం, అంటే పావు వంతు. ఆ పావులో కూడా తప్పులు లేకపోవడంతో పాటు వాక్యాల్లో వైవిధ్యం చూస్తారు. తప్పు వస్తుందేమోనని అన్నీ పొట్టి వాక్యాలే రాసినవాళ్ళు అక్కడ కొంత పోగొట్టుకుంటారు.

ఒక సెలవు చీటీని దిద్ది చూద్దాం

‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్. యెస్టర్డే ఐ హ్యావ్ కన్సల్టెడ్ డాక్టర్. హి టోల్డ్ టు టేక్ రెస్ట్. కైండ్లీ గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్. ఐ డోంట్ నో వెన్ విల్ ఐ రికవర్.’

మొదటి వాక్యం: ‘మూడు రోజులుగా’ అనొచ్చు కాబట్టి ఫర్; ఇంకా తగ్గలేదు కాబట్టి హ్యావ్ బీన్ సఫరింగ్. రెండోదాంట్లో యెస్టర్డే అని గడిచిపోయిన రోజు చెప్పాక హ్యావ్ కుదరదు. ఉత్త కన్సల్టెడ్ చాలు. డాక్టర్ సారుకి ఇంకా పరిచయం కాలేదు, అనగనగా ఒక రాజు లెక్కన ఎ డాక్టర్.

మూడోది సరదా అయినది. ‘రెస్ట్ తీసుకోమన్నారు’లో ఎవర్ని అన్నది తెలుగు చెప్పదు, చెప్పకపోయినా తెలుస్తుంది. ఇంగ్లిష్ టోల్డ్‌కి ఎవరికి అన్నది పక్కనే ఉండాలి: ‘హి టోల్డ్ మి టు టేక్ రెస్ట్’. నాలుగోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. కైండ్లీ గ్రాంట్, మొదట్లోని రెస్పెక్టెడ్ సర్, రెండూ మన వాడుకలే. లండన్‌లో పాతవాసన కొడతాయేమో గానీ మన హెడ్మాస్టరు బల్ల మీద అవే మర్యాద.

అయిదోది తెలుగులో ‘ఎప్పుడు తగ్గుతుందో తెలియదు’. ఓ ఉంది కాబట్టి వరస మారదు, ‘వెన్ ఐ విల్ రికవర్’. వ్యాకరణం కుదిరింది. కాకపోతే పై వాక్యంలో రెండు రోజులే సెలవడిగి, కింద ఎప్పుడు తగ్గుతుందో తెలియదంటే సారుకి అనుమానం రాకమానదు. ఆ వాక్యాన్ని కొట్టేయడమే మేలు.